అరువు నీలం

మార్గశిర శుద్ధ విదియ

పొద్దున్నే పడవ తీశాను. పొద్దున్నే అని అలవాటుకొద్దీ రాస్తున్నాను గానీ, ఆకాశానికి తెర కట్టాక పొద్దుకీ మాపుకీ తేడా ఎక్కడిది? ఎండ మండిపోతోందని మా తాతల కాలంలో పైన ఏదో పొడి చల్లారట. ఎండ చల్లబడింది. దాంతోపాటు వెలుగూ పోయింది. ఇప్పుడు ఎప్పుడు చూసినా అసురసంధ్యే. ఆటుపోట్లు చూసి తిథి చెప్పుకుంటాం, ఆకలి చూసి పూట చెప్పుకుంటాం.

నీళ్ల మీద మంచు కదలకుండా పడుకుని ఉంది. ఆ మంచులో మా నీలిగట్టు వీధి చూడాలి! రెండు పక్కలా కట్టేసిన పడవ ఇళ్లు, ప్రతి గుమ్మానికీ ఒక గాజుబుడ్డి, బుడ్డిలో ఆ ఇంటికి పెద్దయిన ఆడమనిషి దీపం. అన్నీ నీలం. నీళ్లలో నీలం, మంచులో నీలం, తెడ్డు మీంచి కారే చుక్కలో నీలం. నిద్రలో నడుస్తున్నానా, మెలకువగానే ఉన్నానా అని నాకు రోజూ అనుమానమే.

ఆసుపత్రి పడవ వాళ్లు నన్ను ఈ వీధికి రంగులు చూసే మనిషిగా పెట్టారు. గొప్ప ఉద్యోగమేం కాదు. బుడ్డి మీద పేరుకున్న ఉప్పు గీకాలి, లోపల గంజి పోయాలి, రంగు పలక పక్కన పెట్టి సరిపోల్చాలి, ఇదిగో ఇక్కడ రాయాలి. దీపంలో వెలిగేది నూనె కాదు. ఆడపిల్ల పెద్దమనిషి అయిన రోజున దూదిపుల్లతో ఆమె గర్భసంచి దారిలోని తడి తీసి, వెలిగే గుణం కలిపి బుడ్డిలో తోడు వేస్తారు. ఆ తడిలో కంటికి ఆనని జీవాల కాపురాలు ఉంటాయి. పాలను పెరుగు చేసే జాతికి చుట్టాలు ఎక్కువగా ఉంటే దీపం నీలం. పరాయి గుంపులు చొరబడితే ఆకుపచ్చ. వాటిలోనూ చెడ్డ జట్టు చేరి పాతుకుపోతే రాగి రంగు. రాగి కనబడితే ఆసుపత్రి పడవకు కబురు పెట్టాలి. మొదటి తోడు వేశాక, నెలనెలా ఎవరి తడి వాళ్లు బుడ్డిలో కలుపుకుంటూ ఉండాలి. మా వీధిలో రాగిని నేను కళ్లతో చూడలేదు.

వీధి చివర, కాలువ మొగలో మా ఇల్లు. అక్కడ వేలాడేది నూకరత్నం పిన్ని దీపం. మా అమ్మ చెల్లెలు. అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే. అరవై దాటింది. భారీ మనిషి, షుగరు ఉంది, పిల్లల్లేరు, నోరు మాత్రం ఉంది. చేపల పడవలు ఆమె దీపాన్ని చూసుకునే మొగలోకి తిరుగుతాయి. ఆ సంగతి రోజుకోసారి నాకు గుర్తు చేయకపోతే ఆమెకు ముద్ద దిగదు.

"ఏంటే తాయారూ, నా దీపానికి మార్కులెన్ని?" అంది, ఎండురొయ్యలు చెరుగుతూ.

"నీలమే పిన్నీ. పదహారేళ్ల పిల్ల దీపంలా ఉంది."

"మరేమనుకున్నావ్? గుండ్రాయిలా ఉన్నాను."

మార్గశిర బహుళ పంచమి

ఈ పూట ఒకటి కాదు, నాలుగు దీపాల్లో ఆకుపచ్చ ఛాయ తగిలింది. పలక తడిసిందేమోనని తుడిచి మళ్లీ పెట్టాను. పలక బాగానే ఉంది. నా కళ్లే బాగాలేవేమోనని నీళ్లు కొట్టుకుని చూశాను. ఆకుపచ్చే.

గంజి పాడైందా అంటే, అందరికీ పోసింది ఒకే కుండలోది. మా దీపానికీ అదే పోశాను, అది నీలంగానే ఉంది. ఒకరిద్దరికైతే ఏదో ఒంట్లో నలత అనుకోవచ్చు. నాలుగిళ్లకు ఒకేసారి ఏం వస్తుంది?

ఇంటికి వచ్చి పిన్నితో చెబితే, "వాళ్లకు శుభ్రం తెలీదే, మనకేం?" అని కొట్టిపారేసింది. చెరిగిన రొయ్యలు పక్కన పెట్టి, నడుం పట్టుకుని నెమ్మదిగా లేచింది. నడుం నొప్పా అంటే, వయసు నొప్పి అంది.

మార్గశిర బహుళ దశమి

వీధి సగం పచ్చబడింది. నీళ్లు కూడా పాచి పట్టినట్టు కనబడుతున్నాయి. అందంగా లేదని అనను. మంచులో ఆ పచ్చదనం, చిన్నప్పుడు బొమ్మల్లో చూసిన వరిచేను గుర్తొచ్చి కాసేపు తెడ్డు వేయడం మరిచిపోయాను. తర్వాత గబగబా తెడ్డు వేశాను. ఇది చేను కాదు, ఇది మనుషుల ఒంట్లో సంగతి.

వెలుగు కూడా తగ్గింది. ఏసురాజు చేపల పడవ మొగ దాటి పోయి, పాత వంతెన స్తంభానికి గుద్దుకుంది.

"దీపం మసగ్గా ఉందండి, ఆనలేదండి," అన్నాడు తలపట్టుకుని. "నూకరత్నంగారి దీపం ఎప్పుడైనా ఇలా ఉందాండి? ఆయ్, మా నాన్న కూడా దాన్ని చూసే తిరిగేవాడండి."

అప్పుడు తలెత్తి చూశాను. మా దీపం కూడా పచ్చగా మారింది.

పిన్ని గుమ్మంలో నిలబడి దాన్నే చూస్తోంది. నేను దగ్గరికి రాగానే చూపు తిప్పుకుంది. ఏమీ అనలేదు. ఈ మనిషి ఏమీ అనకపోవడం నేనెప్పుడూ చూడలేదు, అందుకే భయం వేసింది.

మార్గశిర బహుళ ద్వాదశి

అపరంజి ఇంటి దగ్గర దొరికింది ముడి.

అపరంజి మా వీధి నడిమధ్య ఇంట్లో ఉంటుంది. పాతికేళ్లుంటాయి. వీధిలోకెల్లా చక్కటి నీలం ఆమెదే. ఈ పూట వెళ్తే చెంప ఉబ్బిపోయి, మూతికి గుడ్డ కట్టుకుని కూర్చుంది.

"పన్ను, అక్కా," అంది గుడ్డలోంచి. "చీము పట్టింది. సరుకుల పడవవాడిచ్చిన మాత్రలు రెండు వారాలుగా మింగుతున్నాను. ఇప్పుడు పర్లేదు."

"ఏం మాత్రలే?"

"చీము చంపేవి."

చీము చంపే మాత్ర చీముతో ఆగుతుందా? ఒంట్లో మంచి జాతినీ చంపుతుంది. ఆమె దీపం అందరికన్నా పచ్చగా, కొడిగట్టినట్టు ఉంది. సరే, దీని సంగతి తెలిసింది. మిగతా వీధి మాటేమిటి? మాత్రలు మింగింది ఈ పిల్ల ఒక్కతే కదా. పడవ తిప్పబోతుంటే పక్కింటి ఆమె గిన్నె పట్టుకుని వచ్చింది.

"అపరంజీ, తోడు కాస్త వేస్తావా? మొన్న వేసింది సరిగ్గా పేరలేదు."

నేను అలాగే నిలబడిపోయాను. ఆమె నన్ను చూసి ఏమీ జంకలేదు. జంకడానికి ఏముంది? పెరుగు తోడుకి పక్కింటికి వెళ్లినట్టే వెళ్లింది. ఒకరి దీపం కాస్త మసకబారితే, దూదిపుల్లలూ ఆ తంటా అంతా ఎవరు పడతారు, బాగా వెలిగేవాళ్ల దగ్గర చెంచాడు తెచ్చి కలుపుకుంటే సరిపోదా? బలమైన తోడు పాతదాన్ని మింగేస్తుంది. రంగు తేటపడుతుంది.

"ఎంతమందికి ఇస్తున్నావే?" అని అడిగాను.

"అందరికీ," అంది అపరంజి. "చెంచాడేగా అక్కా అడిగారు. లేదని ఎలా అంటాను? చేపలు కూడా తెచ్చిపెడతారు." అని ఏడవడం మొదలుపెట్టింది. "తప్పా అక్కా?"

పిచ్చిపిల్లని ఏమనాలి? కడుపులో దాచుకోకుండా పంచిపెట్టింది. ఇన్నేళ్లూ నేను పలక పెట్టి చూసి, మా వీధి ఆడవాళ్లంతా బంగారంలా ఉన్నారని రాసుకుంటూ వచ్చానే, చూసింది వీళ్లందరినీ కాదు. ఈ ఒక్క పిల్లనే.

గుమ్మం దాటుతూ ఆఖరి మాట అడిగాను. "మా పిన్ని కూడానా?"

"ముట్లుడిగినప్పటి నుంచీ," అంది అపరంజి. "మొదట్లో మా అమ్మ దగ్గర తీసుకునేవారు, తర్వాత నా దగ్గర."

మార్గశిర అమావాస్య

కలొచ్చింది. పిన్ని ఒక ఇల్లయింది. నేను చేతిలో పలకతో లోపలికి నడుస్తున్నాను. గోడలు తడిగా, వెచ్చగా ఉన్నాయి. వాకిట్లో ఒకప్పుడు నీలం చీరలు కట్టుకున్న చిన్న చిన్న మనుషులు కుండల్లో పులుపు కాచేవారట, ఆ పులుపు వాసనకి దొంగలు దగ్గరికి వచ్చేవారు కాదట. ఇప్పుడు పొయ్యిలు చల్లారి ఉన్నాయి. లోపలి గదిలో ఎవరో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. ఎవరండీ అంటే మాటలు ఆగిపోయాయి. తలుపు తోస్తే రాలేదు. నిద్ర లేచేసరికి నా చేతులు నిజంగానే గోడను తోస్తున్నాయి.

ఈ వేళ వీధివాళ్లను మా పడవ మీదికి పిలిచాను. విషయం చెప్పాను. ఆసుపత్రి పడవకు కబురు పెట్టాను, వస్తోంది, అందరూ బుడ్డి ఖాళీ చేసి, కడిగి, ఎవరి తడితో వాళ్లు కొత్తగా తోడు వేసుకోండి అన్నాను. పాతది ఉంచి మీద వేస్తే అరువుదే గెలుస్తుంది, మీది కనబడదు అన్నాను.

అచ్చాయమ్మ లేచింది. మా ఎదురింటి ఆమె, పిన్ని ఈడుది, గొంతు పిన్ని కన్నా ఒక మెట్టు పైనే.

"బతికున్న ఆడదాని దీపం పారబొయ్యమంటావా? నోరెలా వచ్చిందే నీకు?"

అదీ నిజమే. మా దగ్గర బుడ్డి ఖాళీ చేసేది ఒక్కప్పుడే. మనిషి పోయాక కాలువలో వదులుతారు, దీపం కొండెక్కింది అంటారు. బతికుండగా చేస్తే చావుని గుమ్మంలోకి పిలిచినట్టే.

"మొగలో దీపం ఆరిపోతే పడవలేం కావాలి?" అని ఇంకొకామె.

"వీధంతా చీకటి చేస్తావా?"

"మేం బాగానే ఉన్నాం. నీకేం మాయరోగం?"

నాకు ఒళ్లు మండింది. "మీరు బాగున్నారని ఎవరు చెప్పారు? అపరంజి బాగుందని అపరంజి దీపం చెప్పింది. మీ గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు!" అని అరిచాను. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. సాయం అడుగుదామని చూస్తే, పిన్ని ఎప్పుడో లోపలికి వెళ్లి దుప్పటి కప్పుకుని పడుకుంది.

పుష్య శుద్ధ చవితి

మంచు బాగా దట్టంగా ఉంది. గంజికుండ తీసుకుని వస్తుంటే ఎదురుగా ఒక చిన్న పడవ, అందులో ఒక నీలం వెలుగు. పడవకు దీపం ఉండదు మా దగ్గర. ఆ వెలుగు మనిషి ఒళ్లో ఉంది. పైటలోంచి బయటికి వస్తోంది. మంచులో ఒక ఆడమనిషి తన పొట్టను తానే వెలిగించుకుని వస్తున్నట్టుంది. చూస్తూ ఉండిపోయాను. దేవతేమో అనుకున్నాను, నిజంగా.

దగ్గరికి వచ్చాక చూస్తే పిన్ని. పైట కింద గిన్నె.

"తోడు అరువుకి పైవీధికి వెళ్లావా?" అన్నాను.

"గాలి కోసం వెళ్లాను."

"గిన్నెతోనా?"

పిన్ని తెడ్డు ఆపింది. రెండు పడవలూ పక్కపక్కనే ఆగాయి. ఆమె ముఖం కింద నుంచి నీలంగా వెలుగుతోంది.

"ఏసురాజు పడవ మళ్లీ గుద్దుకుంటుందే," అంది. "మొగలో వెలుగుండాలి."

"మొగకి నేను లాంతరు కడతాను. గిన్నె ఇలా ఇయ్యి."

"ఇవ్వను."

"పిన్నీ, ఎందుకు భయపడుతున్నావు?"

అప్పుడు ఏడ్చింది. ఈమె ఏడవడం అమ్మ పోయినప్పుడు చూశాను, మళ్లీ ఇప్పుడు.

"ఎర్రగా కనబడుతోందే తాయారూ," అంది. "ముట్లుడిగి పుష్కరం దాటింది. వానాకాలం నుంచీ మళ్లీ మరకలు. మొదట్లో సంబరపడ్డాను చూడు, ముసలిదాన్ని, వయసు తిరిగొచ్చిందేమోనని! తర్వాత వాసన. ఎవరికి చెప్పను? గుమ్మంలో దీపం నీలంగా ఉంది కదా, ఏం కాదులే అనుకున్నాను. రోజూ దాన్ని చూసి ధైర్యం తెచ్చుకున్నాను."

"అది అపరంజిది పిన్నీ."

"నాకు తెలీదటే? నా చేత్తో నేనే కలిపాను కదే. తెలిసీ నమ్మాను."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. చాలాసేపు పడవలు వాటంతట అవే కొట్టుకుపోయాయి. ఈ మనిషి పోతే నాకెవరున్నారు? ఆ మాట పైకే అనేశాను.

పిన్ని గిన్నె నా చేతిలో పెట్టింది. నేను కాలువలో వంపేశాను. నీలం నీళ్లలో పొగలా విచ్చుకుని, కాసేపు పడవ చుట్టూ తిరిగి, మునిగిపోయింది.

పుష్య శుద్ధ ఏకాదశి

ఆసుపత్రి పడవ వచ్చింది. డాక్టర్ జుబేదా వచ్చారు. సన్నగా, పొడుగ్గా, తొందరలేని మనిషి. పిన్నిని చాలా ప్రశ్నలు అడిగారు. కాన్పులు? లేవు. షుగరు? ఉంది. మరకలు ఎన్నాళ్ల నుంచి? పిన్ని నా వైపు చూసి, తల వంచుకుని చెప్పింది.

పడవలో ఒకటే కొత్త బుడ్డి ఉంది. దూదిపుల్లతో తడి తీసి, అందులో తోడు వేసి, వెచ్చని గూట్లో పెట్టారు.

"నాకు అర్థమయ్యేట్టు చెప్పండమ్మా," అంది పిన్ని. "నా లోపల ఏం జరుగుతోంది?"

"ముట్లు ఆగాక లోపల పులుపు తగ్గుతుందమ్మా. పులుపు తగ్గితే పెరుగుజాతి పల్చబడి వేరేవి చేరతాయి. అది వయసుతో వచ్చేదే, దానంతటది జబ్బు కాదు. మీ దీపం నీలంగా లేకపోతే తప్పేమీ లేదు, ఎవరు చెప్పారు మీకు నీలంగానే ఉండాలని?"

పిన్ని తిరిగి గూట్లో బుడ్డి వైపు చూసింది.

"కానీ వాటిలో కొన్ని జట్లుంటాయి. అవి పైకి పాకి, గర్భసంచి లోపలి పొరను ఊరికే ఉండనివ్వవు. వాపు ఆరకుండా రగులుతూ ఉంటుంది. అలా ఏళ్లు గడిస్తే అక్కడి కణాలు దారి తప్పొచ్చు. ఒళ్లు భారీగా ఉండటం, షుగరు, ఇవీ తోడవుతాయి. అయితే ఆ జట్టు వచ్చి క్యాన్సర్ తెచ్చిందా, క్యాన్సర్ ఉన్న చోటు చూసుకుని ఆ జట్టు దిగిందా అంటే, ఇప్పటికీ గట్టిగా చెప్పలేం."

క్యాన్సర్ అన్న మాట పడవలో అలాగే నిలిచిపోయింది.

"ఆ బుడ్డి చెబుతుందా?" అని నేను అడిగాను.

"బుడ్డి వాకిలి వరకే చెబుతుంది తాయారుగారూ. లోపల ఏముందో లోపలి ముక్క తీసి చూస్తేనే తెలుస్తుంది. నిజానికి మరకలు కనబడ్డాయంటేనే ముక్క తీయాలి, రంగు ఏదైనా సరే. దీపం నీలంగా ఉన్నా నేను తీసేదాన్ని."

పిన్ని వెంటనే, "తీసెయ్యండమ్మా," అంది. "ఇప్పుడే తీసెయ్యండి. మళ్లీ ధైర్యం ఉంటుందో ఉండదో."

తీస్తున్నంతసేపూ నా చెయ్యి నలిపేసింది. చిన్నప్పుడు ముళ్లు తీసేటప్పుడు నేను ఆమె చెయ్యి అలాగే నలిపేదాన్ని.

పుష్య పౌర్ణమి

చంద్రుడు ఎక్కడో తెర అవతల ఉన్నాడని పోటు చెబుతోంది. ఇల్లు మెల్లగా పైకి లేచి, తాళ్లు మూలుగుతున్నాయి.

గూట్లో బుడ్డి రంగు తిరిగింది. మొదట ఏమీ లేదు, తర్వాత బూడిదరంగు, తర్వాత మెల్లగా, ఎవరో లోపల నిద్ర లేస్తున్నట్టు, రాగి. రాగి అంత అందంగా ఉంటుందని నాకు తెలీదు. తోమిన చెంబులా వెచ్చగా వెలిగింది. దాన్ని చూసి ముచ్చటపడ్డాను, ఆ వెంటనే నన్ను నేనే తిట్టుకున్నాను.

పిన్ని దగ్గరికి తెచ్చి చూపించమంది. ఒళ్లో పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఇదీ నేను," అంది. "ఇన్నాళ్లకి కనబడ్డాను."

సాయంత్రానికి ముక్క సంగతి కూడా తేలింది. క్యాన్సరే. గర్భసంచి లోపలి పొరలో ఉంది, గోడలోకి దిగినట్టు లేదు. పెద్ద ఓడకు తీసుకెళ్లి సంచి మొత్తం తీసేయాలి. తొందరగా వెళ్తే నయమయ్యే ఆశ బాగానే ఉందన్నారు డాక్టరమ్మ. బాగానే అంటే ఎంత అని నేను అడగలేదు. తలుపు వెనక్కి వెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాను.

"ఎందుకే ముఖం అలా ఉంది?" అంది పిన్ని. "పిల్లల్ని మోయని సంచి. పోతే పోయింది." కాసేపటికి మళ్లీ, "మోస్తుందని ఎంత ఎదురుచూశానో," అంది మెల్లగా. నేను ఆమె భుజం మీద తల పెట్టుకున్నాను.

పుష్య బహుళ విదియ

పిన్నిని ఓడకు తీసుకెళ్లారు. నన్ను రానివ్వలేదు, ఒక రోగికి ఒక మంచమే, తోడు మనిషికి చోటు లేదట. రేవులో నిలబడితే పిన్ని పైనుంచి అరిచింది.

"మొగలో నా రాగి బుడ్డి వేలాడదియ్యి! ఏసురాజుకి చెప్పు, ఇక మీదట రాగి చూసి తిరగమను!"

అలాగే చేశాను. వీధివాళ్లంతా బయటికి వచ్చారు. వేలెడంత బుడ్డి, మొగంతా రాగి వెలుగు. పెద్దవాళ్లు కొందరు కళ్లు తుడుచుకున్నారు. అచ్చాయమ్మ మాత్రం తన బుడ్డి దింపుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

కాసేపటికి అపరంజి తన గుమ్మంలోకి వచ్చింది. చెంప వాపు తగ్గింది. బుడ్డి దింపి, రెండు చేతులతో పట్టుకుని, అందరూ చూస్తుండగానే కాలువలో వంపేసింది. ఎవరో "అయ్యో!" అన్నారు. అపరంజి చావలేదు. ముక్కు చీదుకుని, బుడ్డి కడగడానికి కూర్చుంది.

పక్కింటి ఆమె కూడా దింపింది. తర్వాత అపరంజికి ఎదురింటి వాళ్లు. అరువు వెలుగంతా నీళ్లలోకి జారి, పడవల కింద నుంచి మెల్లగా సముద్రం వైపు పోయింది. వీధి చీకటయింది. ఒక్క రాగి దీపం తప్ప. నాకు భయం వేయలేదు. చంటిపిల్లలు చీకట్లో ఏడవడం, తల్లులు వాళ్లని జోకొట్టడం వినబడుతుంటే, చాలా పెద్ద ఇంట్లో అందరం ఒకే మంచం మీద పడుకున్నట్టు అనిపించింది.

పుష్య అమావాస్య

రంగులు తిరిగాయి. వీధి ఇప్పుడు ఒక రంగు కాదు. అపరంజిది పాలు కలిసిన లేత నీలం. పెద్దవాళ్లవి చాలావరకు పచ్చ, బూడిద, గంధం రంగు. డాక్టరమ్మ చెప్పినట్టు అదేమీ జబ్బు కాదు. ఒక్కొక్క గుమ్మం దగ్గరా ఆగి, ఇది మీరు, ఇది మీరు అని చెబుతూ వచ్చాను. కొందరు సిగ్గుపడ్డారు. ఒక అవ్వ తన గంధపు దీపాన్ని చూసి, "నాకు నచ్చిందే," అంది.

అచ్చాయమ్మ కూడా ఎప్పుడో, ఎవరూ చూడకుండా, తనది పారబోసి కొత్తగా వేసుకుంది. ఆమె దీపం రాగి.

నేను చెప్పాను. పలక చూపించాను. మరకలున్నాయా అంటే నోరు విప్పలేదు. ఓడకు వెళ్లి ముక్క తీయించుకోమన్నాను. "నీ పిన్ని వెళ్లి ఏమైంది? కబురుందా?" అంది. లేదు. "నేను వెళ్లను," అని తలుపు వేసుకుంది. బుడ్డి మీద గోనెగుడ్డ కప్పింది. రోజూ వెళ్లి తలుపు కొడుతున్నాను. తీయదు.

మాఘ శుద్ధ సప్తమి

పిన్ని వచ్చింది.

ఆసుపత్రి పడవ మొగ దగ్గరికి రాగానే వినబడింది ఆ గొంతు, సన్నబడింది గానీ అదే గొంతు. నేను నీళ్లలో దూకినంత పని చేశాను. చిక్కిపోయింది, కళ్లు లోపలికి పోయాయి, పొట్టకి కట్టు. సంచి మొత్తం తీసేశారు. జబ్బు గోడ దాటలేదని, కొన్నాళ్లు చూస్తూ ఉండాలని డాక్టరమ్మ చెప్పారు. ఆవిడ చేతులు పట్టుకుని ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు.

పిన్నిని నా పడవలో కూర్చోబెట్టుకుని వీధిలోకి తిప్పాను. మంచులో ఆ రంగులన్నీ ఒకదాని వెనక ఒకటి తేలి వస్తున్నాయి. పిన్ని నోరు తెరిచి చూస్తోంది.

"ఇదెవరి వీధే? దారి తప్పావా?"

"మనదే పిన్నీ."

ఒక్కో గుమ్మం నుంచి ఒకరు చెయ్యి ఊపారు. అపరంజి ఏడుస్తూ నవ్వింది. పిన్ని అందరికీ తల ఊపుతూ, ఉన్నట్టుండి, "అచ్చాయమ్మ గుమ్మం చీకటిగా ఉందేం?" అంది.

చెప్పాను. గోనెగుడ్డ సంగతీ చెప్పాను.

"పడవ అక్కడికి తిప్పు."

"ముందు ఇంటికి పోదాం పిన్నీ. కుట్లు పచ్చిగా ఉన్నాయి. పడుకున్నాక రేపు..."

"తిప్పమన్నానా లేదా!"

తిప్పాను. పిన్ని నా భుజం పట్టుకుని, పళ్లు బిగబట్టి, అచ్చాయమ్మ ఇంటి అరుగు మీదికి ఎక్కింది. గోనెగుడ్డ తీసి కింద పడేసింది. రాగి వెలుగు ఆమె ముఖం మీద పడింది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో తలుపు కొట్టింది.

లోపల చప్పుడు లేదు.

"అచ్చాయమ్మా," అంది పిన్ని. "నేను, నూకరత్నాన్ని. వెళ్లి వచ్చాను. తలుపు తియ్యి. నాకూ భయమేసిందే."

లోపల గడియ కదిలింది.